తుప్పు పట్టని ట్యాంకు

మా పెళ్ళయి అప్పటికి నలభై రెండు రోజులు. ఆదివారం రేపల్లెలో చర్చి నుంచి అత్తారింటికి వచ్చి, బట్టలైనా మార్చుకోకుండా కిషోర్ నన్ను స్కూటర్ మీద నిజాంపట్నం తీసుకెళ్ళాడు. కొడుకు కొత్త పెళ్ళానికి సముద్రం చూపిస్తున్నాడని మా అత్తగారు కృపారాణి గారు సంబరపడిపోయి ఫ్లాస్కులో టీ పోసిచ్చారు. నిజానికి మేం వెళ్ళింది తుప్పు చూడటానికి.

హార్బరులో మరమ్మతుకు ఒడ్డెక్కించిన పడవలు వరసగా ఉన్నాయి. కిషోర్ ఇస్త్రీ చొక్కాతోనే ఒక పడవ కింద వెల్లకిలా పడుకుని ఫోన్‌తో ఫోటోలు తీయడం మొదలుపెట్టాడు. మేకు తల దగ్గర మొదలైన తుప్పు వాన నీళ్ళతో కలిసి కిందికి ఎలా జారిందో, పైన ముదురుగా, కిందికి వచ్చేకొద్దీ పల్చగా ఎలా అయిందో నన్ను కూడా వంగి చూడమన్నాడు. నేను పట్టుచీర కుచ్చిళ్ళు పట్టుకుని వంగి చూశాను. నలభై రెండు రోజుల పెళ్ళిలో మొగుడు ఏది చూపించినా అందంగానే ఉంటుంది. కానీ ఆ తుప్పు నిజంగానే బాగుంది, బెల్లం పాకం కారినట్టుగా.

పక్కన చేపలు ఎండబెడుతున్న ఆవిడ చాలాసేపు చూసి నన్ను అడిగింది.

"ఏంటమ్మా, మీ ఆయన బ్యాంకు నుంచి వచ్చాడా? పడవ పట్టుకుపోతారా ఏంటి?"

"కాదు పిన్నీ, ఆయన కట్టుడు పళ్ళు చేస్తారు."

"పడవకేం పళ్ళున్నాయని?" అని ఆవిడ పక్కనున్న వాళ్ళందరికీ చెప్పి నవ్వించింది. కిషోర్ పడవ కింద నుంచే "ఉన్నాయండి, పుచ్చిపోయాయి" అన్నాడు.

పళ్ళ సంగతి నిజమే. కిషోర్ తెనాలిలో పళ్ళ డాక్టర్లకు కట్టుడు పళ్ళు తయారు చేసిచ్చే ల్యాబులో పనిచేస్తాడు. కొత్త పన్ను మరీ తెల్లగా ఉంటే పక్క పళ్ళలో కలవదు. అందుకని చిగుళ్ళ దగ్గర కాస్త పసుపు, అంచున కాస్త బూడిదరంగు, కాఫీ తాగేవాళ్ళకైతే ఒక సన్నని గీత వేసి, దానికి వయసు తెప్పిస్తాడు. సాయంత్రం ఇంటికి వచ్చాక చేసే పని కూడా దాదాపు అదే. పెట్టెలో ముక్కలుగా వచ్చే మోడల్ ట్యాంకులు అతికిస్తాడు. అసలు ట్యాంకులో ముప్ఫై అయిదో వంతు, అంటే జానెడు పొడుగు. అతికించడం ఒక వారం. దానికి రంగు వేసి, ఆ రంగు ఏళ్ళ తరబడి ఎండకీ వానకీ పాతబడినట్టు చేయడం ఒక నెల. తెనాలిలో అద్దె ఇంట్లో మాకున్న ఒకే ఒక్క బల్లలో సగం భోజనానికి, సగం యుద్ధానికి అని ఒప్పందం చేసుకున్నాం.

ఈసారి చేస్తున్నది మా నాన్న ట్యాంకు.

మా నాన్న అంద్రెయ ఇరవై నాలుగేళ్ళు మిలిటరీలో ట్యాంకు డ్రైవరు, ఎక్కువగా పంజాబ్‌లోని ఫిరోజ్‌పూర్‌లో. దఫేదారుగా రిటైరై బాపట్లలో ఉంటున్నాడు. పెళ్ళయ్యాక మూడు నిద్రలకు వెళ్ళినప్పుడు కిషోర్ హాల్లో ఫోటో చూశాడు. పాతికేళ్ళ నాన్న ఒక టి-55 ట్యాంకు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ట్యాంకు నంబరు స్పష్టంగా కనిపిస్తోంది. కిషోర్ ఫోటో ముందు నుంచి కదల్లేదు. అదే రకం ట్యాంకు పెట్టె రెండేళ్ళుగా అతని అలమరలో సీలు విప్పకుండా ఉందట.

ఆ మూడు రోజుల్లో నాన్న కిషోర్‌తో మూడే మాటలు మాట్లాడాడు, రోజుకొకటి. "ప్రయాణం బాగా జరిగిందాండి?" "భోజనం చెయ్యండి." "రైలు ఎన్నింటికండి?" నాన్నకు మాటలు తక్కువనుకుంటే పొరపాటు. నాకు రోజూ ఫోన్ చేసి వంకాయలకు ఎంత చెప్పారో, ఎంతకిచ్చారో, మధ్యలో ఆ మనిషి ఏమన్నాడో అంతా చెప్తాడు. అల్లుడి దగ్గరికొచ్చేసరికి మాత్రం పరేడ్‌లో నిలబడ్డట్టు బిగుసుకుపోతాడు. అమ్మ అచ్చమ్మ "అలవాటవుతుందిలే" అంటుంది. నాకు అంత ఓపిక లేదు. నాకిష్టమైన మనుషులిద్దరూ ఒకే సోఫాలో ఆ చివరా ఈ చివరా కూర్చుని ఫ్యాను వైపు చూస్తుంటే నా ప్రాణం ఉసూరుమంటుంది. కిషోర్‌కీ అదే దిగులు. "ఇది చేసిచ్చాక మాట్లాడతారు చూడు" అన్నాడు. ఆ ఆశతోనే ఇదంతా.

నిజాంపట్నం నుంచి వచ్చాక తుప్పు పట్టించే పని మొదలైంది. ముందు ట్యాంకంతా గోధుమరంగు వేశాడు. నా వంటింట్లో ఉప్పు డబ్బా తెచ్చుకుని, తడి చేసిన చోట ఉప్పు రేణువులు చల్లాడు. అవి అంటుకున్నాక పైన ఆలివ్ గ్రీన్ కొట్టాడు. ఆరాక పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే ఉప్పు రాలిపోయి, ఆకుపచ్చ పెచ్చులూడి లోపలి తుప్పు బయటపడ్డట్టు కనిపించింది. నన్ను రుద్దనిచ్చాడు. పెళ్ళిలో తలంబ్రాలు పోయించుకున్నప్పుడు కూడా నాకంత సరదా కలగలేదు. ఆ తర్వాత ఒక్కో బోల్టు తల కింద ఆయిల్ పెయింటు చుక్క పెట్టి, థిన్నర్‌లో ముంచిన కుంచెతో కిందికి లాగాడు. అచ్చం ఆ పడవే.

రెండో శనివారం బాపట్ల తీసుకెళ్ళాం.

నాన్న కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. ముందు నంబరు చూశాడు. పెదవులు కదిలాయి, నంబరు లోపల చదువుకున్నాడు. ఫిరంగి గొట్టం మీద వేలు ఆనించాడు. తర్వాత ట్యాంకును పక్కకి తిప్పాడు. తుప్పు చారల మీద బొటనవేలితో రాసి, ఆ వేలు చూసుకున్నాడు.

"చాలా ఓపికండి మీకు" అన్నాడు.

అంతే. దాన్ని తీసుకెళ్ళి ఫ్రిజ్ మీద పెట్టాడు. సాయంత్రం మేం బయలుదేరేటప్పుడు చూస్తే దాని మీద చేతి తువ్వాలు కప్పి ఉంది.

రైల్లో కిషోర్ పల్లీలు కొని, పొట్లం విప్పకుండా ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నచ్చలేదు" అన్నాడు.

"నచ్చింది. నాన్న అంతే."

"జెస్సీ, రంగు సరిపోయిందో లేదో చూడ్డానికి నన్ను డాక్టర్లు పిలుస్తుంటారు. కొత్త పన్ను పెట్టించుకుని అద్దంలో చూసుకున్నవాళ్ళు 'బాగుందండి' అని నోరు మూసేస్తే దానర్థమేంటో నాకు తెలుసు."

పల్లీలు నేనే తిన్నాను. తింటున్నంతసేపూ నాన్న మీద కోపమొచ్చింది.

నేను పెనుమూడిలో రైతుల పొలాల మట్టి నమూనాలు తీసే ఉద్యోగం చేస్తున్నాను. గురువారం నమూనాలు ఇచ్చి రావడానికి బాపట్ల వెళ్ళాల్సి వచ్చింది. పని కాగానే ఇంటికి వెళ్ళాను. నాన్న గేటు మడతబందులకు నూనె వేస్తున్నాడు. మా ఇంట్లో ఏ తలుపూ కిర్రుమని ఎరగదు.

"నాన్నా, కిషోర్ ఇచ్చిన ట్యాంకు మీద తువ్వాలెందుకు కప్పావు?"

"దుమ్ము పడుతుందమ్మా."

"ఫ్రిజ్ మీద పడని దుమ్ము దాని మీదే పడుతుందా?"

నాన్న నూనె సీసా మూత బిగించాడు. మళ్ళీ విప్పాడు.

"అదెవరి బండి?" అన్నాడు.

"నీ బండి."

"దానికి తుప్పెవరు పట్టించారు?"

"కిషోర్."

"కాదు. చూసినవాళ్ళెవరైనా దాని డ్రైవరు పట్టించాడనుకుంటారు."

నేను మెట్టు మీద కూర్చుండిపోయాను. నాన్న కూడా కూర్చున్నాడు. అప్పుడు చెప్పాడు. రోజూ పొద్దున్నే రెండు గంటలు బండి పని. బురద ఉంటే గోకాలి. రంగు లేచిన చోట ఆ రోజే రంగు పడాలి. ఆఫీసరు సాహెబ్ వచ్చి వేలితో రాస్తే వేలికి ఏమీ అంటకూడదు. తుప్పు కనిపిస్తే ఆ వారం సెలవు పోయినట్టే. అంతకంటే, తోటివాళ్ళ ముందు తలెత్తుకోలేకపోవడం ఒకటి.

"ఇరవై నాలుగేళ్ళలో నా బండి మీద ఒక్క చుక్క తుప్పు లేదమ్మా. ఇప్పుడది నా నంబరేసుకుని, నిజాంపట్నం పడవలా నా ఇంట్లోనే కూర్చుంది. రాత్రి మంచినీళ్ళకి లేస్తే నా వైపే చూస్తోంది. అందుకని కప్పాను."

నాకు నవ్వొచ్చింది. నవ్వితే బాగుండదని పెదవి కొరుక్కున్నాను.

"ఈ మాట అతనితో అనొచ్చుగా?"

"ఎలా అంటాను? కొత్తల్లుడు. నెల రోజులు కూర్చుని చేశాడు. పెళ్ళయి మూడు నెలలు కాలేదు, అప్పుడే మావగారు తప్పులు పడుతున్నాడంటే నీకేం బాగుంటుంది? ఏదన్నా అనబోయి ఏమైపోతుందోనని అసలు మాట్లాడటమే మానేశాను."

అమ్మ లోపలి నుంచి అంది. "నాతో అయితే కూరలో ఉప్పు దగ్గర్నుంచి అన్నీ అంటాడు. నాకు లేదా మర్యాద?"

ట్యాంకును తువ్వాలుతో సహా అట్టపెట్టెలో పెట్టుకుని బయలుదేరాను. "తీసుకెళ్ళొద్దమ్మా, బాధపడతాడు" అని నాన్న గేటు దాకా వచ్చాడు. గేటు చప్పుడు లేకుండా తెరుచుకుంది.

తెనాలిలో కిషోర్ అంతా విని, అట్టపెట్టె విప్పి ట్యాంకు బయటికి తీశాడు.

"అంటే నేను వెళ్ళి మావయ్యగారికి మీరు బద్ధకస్తులని చెప్పొచ్చాను" అన్నాడు. "అది కూడా ఆయన నంబరేసి."

"నీకు తెలీదుగా."

"తెలుసుకోవాలిగా. మనకి కనిపించేవి పడవలు, పంపుసెట్లు, బస్సులు. అన్నీ ఉప్పుగాలికి తుప్పు పడతాయి. పాతదంటే తుప్పే అనుకున్నాను. పంజాబ్‌లో రోజూ తుడిచే మనిషుంటే ఎలా పాతబడుతుందో ఆలోచించనే లేదు."

ఆ వారం అంతా తుప్పు తీశాడు. ఆయిల్ చారలు థిన్నర్‌లో ముంచిన దూదితో పోయాయి. పెచ్చులూడిన చోట్ల సన్నటి గరుకు కాగితంతో రుద్ది మళ్ళీ ఆకుపచ్చ కొట్టాడు. ట్యాంకు ఇప్పుడే ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు తయారైంది. అది కూడా అబద్ధమే కదా, అన్నాడు. వాడిన బండి వాడినట్టు ఉండాలి. కాకపోతే ఎక్కడ అరిగిందో దాని మీద తిరిగిన మనిషికే తెలుస్తుంది.

"అయితే ఫోన్ చేసి అడుగు."

"నువ్వడిగి చెప్పు."

"నేనడగను. నేను మట్టి చూసుకుంటాను."

మట్టి నా శాఖ. కిషోర్ దగ్గర దుమ్ము కోసం దాచిన సీసాలో ఉన్నది మన నల్లమట్టి పొడి. ఫిరోజ్‌పూర్‌లో నల్లమట్టి ఎక్కడిది? అక్కడంతా నదులు తెచ్చి పోసిన ఒండ్రు, లేత రంగుది. దానికి మన వైపు చుట్టం ఎవరంటే పెనుమూడి దగ్గర కృష్ణ ఒడ్డు మట్టి. మర్నాడు డ్యూటీ నుంచి వస్తూ గుప్పెడు పట్టుకొచ్చి, ఎండబెట్టి, చిన్న రోట్లో నూరి, అమ్మ పాత నేతచీర ముక్కలో జల్లెడ పట్టాను. పౌడరు కన్నా మెత్తగా వచ్చింది. చదివిన చదువు మొగుడి ట్యాంకుకి పనికొచ్చినందుకు నాకు ఆ రోజంతా గర్వంగా ఉంది.

కిషోర్ ఫోన్ పట్టుకుని హాల్లో నాలుగుసార్లు ఆ గోడ నుంచి ఈ గోడకి నడిచాడు. చివరికి చేశాడు.

"వందనాలు మావయ్యగారూ. బాగున్నారాండి? అదీ... ఒకటి అడుగుదామని. మీరు బండి ఎక్కేటప్పుడు ఏ కాలు ముందు పెట్టేవాళ్ళు?"

కిషోర్ ఫోన్ చెవి నుంచి తీసి, లైను ఉందో లేదో చూసుకున్నాడు.

"శనివారం వస్తానండి" అన్నాడు నాన్న. పెట్టేశాడు.

శనివారం పదిన్నరకి అమ్మా నాన్నా దిగారు. అమ్మ చేతిలో చేపల పులుసు గిన్నె, మూతకి గుడ్డ కట్టి ఉంది. నాన్న కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి, బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆకుపచ్చగా మెరుస్తున్న ట్యాంకును కాసేపు చూశాడు.

"ఎడమ కాలు ఇక్కడ అల్లుడుగారూ" అన్నాడు, ముందు ఎడమవైపు మడ్‌గార్డు మీద వేలు పెట్టి. "ఇక్కడ పెట్టి ఒక్క ఊపున పైకి. కుడి కాలు ఇక్కడ. చెయ్యి ఈ హ్యాండిల్ మీద. రోజుకి ఇరవై సార్లు."

"అయితే ఇక్కడ రంగు అరిగి ఇనుము మెరవాలి" అన్నాడు కిషోర్. మెత్తటి పెన్సిలు ములుకు గీకి, ఆ పొడిని వేలికొసతో అంచున రాశాడు. ఆకుపచ్చ మీద సన్నగా ఇనుప మెరుపు వచ్చింది. నాన్న ముందుకు వంగాడు.

"ఇంకా లోపలికి. నా బూటు పెద్దది. ఆ, చాలు. చాలండి, ఎక్కువైతే ఏనుగు ఎక్కినట్టుంటుంది."

తర్వాత ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని ఒక్కో చోటా వెళ్ళారు. గొలుసు చక్రాల మీద నడిచే చోట మెరుస్తుంది, బయటి వైపు మెరవదు. పొగగొట్టం ఎడమవైపు కాబట్టి మసి ఆ పక్కే పడుతుంది. డీజిలు పోసే మూత చుట్టూ ఎంత తుడిచినా ఒక జిడ్డు మచ్చ మిగులుతుంది, దానికి సాహెబ్ కూడా ఏమీ అనడు. కిషోర్ నల్లరంగూ గోధుమరంగూ కలిపి పల్చటి చుక్క వేశాడు. నాన్న "అదీ" అన్నాడు. కిషోర్ చెవులు ఎర్రబడ్డాయి.

నేను మట్టి పొడి గిన్నె ముందుకు తోశాను. నాన్న చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపాడు. వాసన చూశాడు.

"ఇదెక్కడిది?"

"పెనుమూడిది."

"ఇంత దగ్గరున్నదానికి రెండు రైళ్ళు మారి ఫిరోజ్‌పూర్ దాకా పోయానా?" అన్నాడు. అమ్మ వంటింట్లోంచి "జీతం అక్కడిచ్చారు మరి" అంది.

చక్రాల మీద, కింది అంచుల్లో కిషోర్ మెత్తటి కుంచెతో దుమ్ము అద్దాడు. పైన అద్దబోతే నాన్న చెయ్యి అడ్డం పెట్టాడు. "పైన పొద్దున్నే తుడిచేశా." కిషోర్ నిజంగానే ఎవరో తుడిచినట్టు, ఒక గుడ్డ ముక్కతో పైనున్నది తీసేశాడు.

పని అయిపోయిందనుకున్నాం. నాన్న మాత్రం లేవలేదు. ఎడమ మడ్‌గార్డు వంక చూస్తున్నాడు.

"ఒకటి తక్కువైంది" అన్నాడు. "తక్కువైందో, మరి వద్దో."

"చెప్పండి మావయ్యగారూ."

నాన్న వంటింటి వైపు చూసి గొంతు తగ్గించాడు. అమ్మకి వినపడకుండా ఉండే గొంతు నాన్నకి లేదు.

"ఎనభై ఏడు, జనవరి. పొద్దున ఆరున్నర. మంచు ఎలా ఉంటుందంటే బాబూ, గొట్టం చివర కూడా కనిపించదు. పైన కమాండర్ ఉండాలి, దారి చెప్పాలి. వాడికి జ్వరం. నాకు తెలిసిన దారేగా అని నేనొక్కణ్ణే తీశా. గేటు స్తంభానికి కొట్టా. ఈ మూల ఇలా లేచిపోయింది."

అరచెయ్యి వంచి చూపించాడు.

"మరేం చేశారు?"

"సమ్మెట తెచ్చి కొట్టా. నేనే. తిన్నగా వచ్చింది కానీ ఒక సొట్ట ఉండిపోయింది. దాని మీద కొత్త రంగు వేశా. తొమ్మిదింటికి ఇన్‌స్పెక్షన్. రంగు ఆరలేదు. సాహెబ్ వచ్చాడు. ఇరవై బళ్ళుంటే, అన్నీ వదిలేసి సరిగ్గా ఇక్కడ వేలు పెట్టాడు. వేలికి ఆకుపచ్చ అంటింది."

కిషోర్ కుంచె పక్కన పెట్టి కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"వేలు చూసుకున్నాడు. నా వైపు చూశాడు. జేబులో చెయ్యి పెట్టుకుని ముందుకి వెళ్ళిపోయాడు. ఒక్క మాట అనలేదు. తెలిసి వదిలేశాడా, తెలియకా? ఆయన బదిలీ అయి పోయాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళ నుంచి అదే ఆలోచన నాకు. ఎవరికీ చెప్పలేదు."

"నాకు కూడా చెప్పలేదు" అంది అమ్మ, గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి. "ఒక్క మచ్చ లేదు, ఒక్క మచ్చ లేదని పెళ్ళిచూపుల్లో మా నాన్నకి కూడా చెప్పాడు ఈయన."

"తుప్పు మచ్చ లేదన్నాను. సొట్ట మాట ఎవరడిగారు?"

కిషోర్ లేచి ల్యాబు నుంచి తెచ్చుకున్న స్పిరిటు దీపం వెలిగించాడు. మైనం దిద్దే చిన్న ఇనప పుల్ల దాని మీద కాచాడు. నాన్న వంక చూశాడు. నాన్న తలూపాడు. పుల్ల అంచుకి ఆనించగానే ప్లాస్టిక్ కొద్దిగా లొంగింది.

"ఇంకొంచెం లోపలికి బాబూ. అంత కాదు. ఆ. ఇప్పుడు ఇటు నుంచి పైకి. నేను సమ్మెటతో కొట్టింది ఇటు నుంచే."

"రంగు ఏం వెయ్యమంటారు? పక్కదానిలో కలిపెయ్యనా?"

"కలపొద్దు. ఒక పిసరు కొత్తగా ఉండాలి. చూసినవాడు ఆగి చూడాలి."

"పన్ను పెట్టేటప్పుడు మేం అలా కనిపించకూడదని చస్తుంటామండి."

"ఇది కనిపించాలి. నువ్వు రంగు కలుపు, నేను చెప్తా."

కిషోర్ మూడు రకాల ఆకుపచ్చలు కలిపి కాగితం మీద గీతలు గీశాడు. నాన్న మొదటిది కాదన్నాడు. రెండోది, ఎండలో అయితే అవునేమో, కిటికీ దగ్గరికి తెమ్మన్నాడు. ఇద్దరూ కాగితం పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డారు. మంచులో రంగు వేరేగా కనిపిస్తుందని నాన్న, అయితే అప్పటి వెలుతురు ఎలా ఉండేదో చెప్పమని కిషోర్. నాన్న చెప్పడం మొదలుపెట్టాడు. ముందు మంచు గురించి, తర్వాత గేటు దగ్గర టీ కొట్టు గురించి, ఆ టీ కొట్టువాడి గేదె గురించి.

నేను భోజనానికి పిలిచాను. ఇంకోసారి పిలిచాను. బల్లలో భోజనం సగం మీద కూడా రంగు సీసాలు పరిచేశారు. అమ్మ గిన్నె మూత గుడ్డ విప్పింది. మేమిద్దరం వంటింట్లో నేల మీద కంచాలు పెట్టుకుని, పులుసు వడ్డించుకుని తినడం మొదలుపెట్టాం.